ముసాయిదాపై మా మాట అడిగారు, చెప్పాం. జవాబు ఏదీ?

కేంద్ర మంత్రిత్వ శాఖల కార్యదర్శులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల తరఫున పార్లమెంటులో ఉన్న 60 మంది సభ్యులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి, మా ఊరి గ్రంథాలయం బాగోగులు చూసుకుంటున్నాను. సాయంత్రాలు అక్కడ పది పదిహేను మంది చేరతారు. ఒకరు పత్రిక చదువుతుంటే మిగిలినవాళ్లు వింటారు. ఈ లేఖ రాయాలన్నది అక్కడ కూర్చున్న అందరి నిర్ణయం.

రెండేళ్ల కిందట వ్యవసాయదారులకు సంబంధించిన ఒక ముసాయిదాను కేంద్రంలోని ఒక శాఖ విడుదల చేసింది. అభ్యంతరాలు, సూచనలు పంపడానికి 30 రోజుల గడువు పెట్టింది. ఆ సంగతి పత్రికలో ఓ మూల చిన్న వార్తగా మా కంటబడేసరికి 19 రోజులు గడిచిపోయాయి. ముసాయిదా 36 పేజీలు, అంతా ఇంగ్లీషులోనే ఉంది. పట్నంలో చదువుకుంటున్న మా ఊరి అమ్మాయి దాన్ని అచ్చు తీసి తెచ్చింది. ఆమె, నేను కలిసి నాలుగు సాయంత్రాలు దాన్ని తెలుగులో చెప్పుకుంటూ పోయాం. మూడో రోజున ఒక కౌలురైతు లేచి, "అమ్మా, ఇందులో కౌలుదారు అన్న మాట ఎక్కడైనా వచ్చిందా?" అని అడిగాడు. మళ్లీ మొదటి పేజీ నుంచి వెతికాం. ఎక్కడా రాలేదు. మా ఊళ్లో సగానికి పైగా పొలం కౌలు మీదే సాగవుతోంది.

ఆ ఒక్క ప్రశ్నతో పాటు మరో పదకొండు అభ్యంతరాలు తెలుగులో రాసి, 63 మంది సంతకాలు, వేలిముద్రలు చేర్చి, గడువు ముగియడానికి రెండు రోజుల ముందే అందేలా రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. అందినట్టు గుండ్రటి ముద్రతో రసీదు కార్డు తిరిగివచ్చింది. ఆ తర్వాత అటునుంచి ఒక్క మాట కూడా రాలేదు. రెండుసార్లు గుర్తుచేస్తూ రాశాం. చివరికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే, "వచ్చిన అభిప్రాయాలన్నిటినీ పరిశీలించడమైనది" అని ఒక వాక్యం వచ్చింది. ఏది ఒప్పుకున్నారు, ఏది తోసిపుచ్చారు, కౌలుదారు మాట ఏమైంది అన్నదాని గురించి ఏమీ లేదు. ఆ శాఖ పేరు ఇక్కడ రాయడం లేదు. ఏ ఒక్క శాఖ మీదా కోపంతో రాస్తున్న లేఖ కాదిది. దాదాపు అన్ని శాఖల్లోనూ ఇదే తీరు నడుస్తోంది గనుక అందరికీ రాస్తున్నాం.

మేము కొత్తగా ఏ హక్కునూ కోరడం లేదు. 2014 జనవరి 10న కార్యదర్శుల కమిటీయే కూర్చుని ముందస్తు సంప్రదింపుల విధానం ఒకటి నిర్ణయించింది. ఆ ఫిబ్రవరి 5న న్యాయశాఖ దాన్ని అన్ని మంత్రిత్వ శాఖలకూ పంపింది. ఏ బిల్లయినా, ఏ నిబంధనలయినా తయారుచేసేటప్పుడు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలి. అది ఎందుకు అవసరమో, ఖర్చు ఎంతో, పర్యావరణం మీద, ప్రాథమిక హక్కుల మీద, జనం బతుకుతెరువుల మీద దాని ప్రభావం ఏమిటో చెప్పాలి. ముఖ్యమైన అంశాలను సులభమైన మాటల్లో వివరించాలి. ఒక వర్గంపై ప్రభావం పడేదైతే ఆ వర్గానికి అందేలా చేర్చాలి. వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని బయటపెట్టాలి. ఇవన్నీ ఆ విధానంలో ఉన్నవే. అంతకు ముందే, 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షను, ప్రజలపై ప్రభావం చూపే ముఖ్య విధానాలు రూపొందించేటప్పుడు వాటికి సంబంధించిన వాస్తవాలన్నీ ప్రచురించాలని చెప్పింది. మీ కమిటీ రాసిన మాటనే మీకు గుర్తుచేస్తున్నాం.

ఆ మాట నిలబడకపోవడం వల్ల మాలాంటివాళ్లకు జరుగుతున్నది ఇది.

1. భాష తెలియనివారికి గడువు ఇచ్చినా ఇవ్వనట్టే. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం నా గోడును కేంద్రంలోని ఏ అధికారికైనా తెలుగులో రాసుకోవచ్చు. అంటే నేను తెలుగులో అభ్యంతరం చెప్పవచ్చు గానీ, దేని మీద చెప్పాలో ఆ కాగితం మాత్రం తెలుగులో దొరకదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 8 కోట్లకు పైగా ఉన్నారు.

2020 మార్చిలో పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ముసాయిదా వచ్చింది. గనులు, కర్మాగారాలు, ఆనకట్టలు కట్టేముందు ఊరివాళ్లను పిలిచి అడిగే ప్రక్రియను తిరగరాసే ముసాయిదా అది. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు ఇచ్చే నోటీసు వ్యవధిని 30 రోజుల నుంచి 20 రోజులకు తగ్గించాలన్న ప్రతిపాదన కూడా అందులో ఉంది. కరోనా వల్ల దేశమంతా తలుపులు మూసుకుని ఉన్న రోజుల్లో అది ఇంగ్లీషు, హిందీల్లో మాత్రమే వచ్చింది. ఢిల్లీ హైకోర్టు జూన్ 30న కలగజేసుకుని గడువును ఆగస్టు 11 వరకు పొడిగించింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించమని ఆదేశించింది. ఆ పని చేయడానికి బదులు కేంద్రం ఆ ఆదేశంపై సుప్రీంకోర్టుకు వెళ్లింది. చివరికి ఆ ముసాయిదా మీద పది లక్షలకు పైగా స్పందనలు వచ్చాయి. ఆసక్తి లేని జనం అన్నేసి ఉత్తరాలు రాస్తారా?

అనువాదానికి సమయం, మనుషులు కావాలన్న మాట 2020లో చెప్పారేమో. 2022లో ప్రభుత్వమే భాషిణి పేరుతో భారతీయ భాషల మధ్య అనువాద వేదికను మొదలుపెట్టింది. యంత్రం చేసిన అనువాదాన్ని తెలుగు వచ్చిన ఇద్దరు అధికారులు సరిచూస్తే చాలు, 36 పేజీలు ఎంతసేపు? ఇంటర్ చదివే పిల్ల, ముసలి మాస్టారు కలిసి నాలుగు సాయంత్రాల్లో చేశారు.

2. 30 రోజులు ఢిల్లీలో ఒకలా, పల్లెలో మరోలా గడుస్తాయి. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో వచ్చిన ముసాయిదాను చదివే తీరిక రైతుకు ఉండదు. సంఘాలు, కార్యాలయాలు, న్యాయవాదులు ఉన్నవాళ్లే ఆ గడువును వాడుకోగలుగుతున్నారు.

3. అడగకుండా చేసిన పనికి మూల్యం తర్వాత చెల్లించవలసి వస్తోంది, అది చెల్లించేది సామాన్యులే. మూడు వ్యవసాయ చట్టాలు 2020 జూన్ 5న ఆర్డినెన్సులుగా వచ్చాయి. సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదం పొందాయి. వాటి ముసాయిదాను ముందుగా రైతుల ముందు పెట్టలేదు. ఆ నవంబరు నుంచి ఏడాదికి పైగా రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో చలికీ ఎండకీ ట్రాక్టర్ల కింద, గుడారాల్లో ఉన్నారు. సుప్రీంకోర్టు 2021 జనవరిలో అమలు నిలిపివేసి, అభిప్రాయాలు తెలుసుకోమని కమిటీ వేసింది. చట్టం అయ్యాక అడిగారు! అదే ఏడాది నవంబరులో చట్టాలే రద్దయ్యాయి. ఆ చట్టాలు మంచివా చెడ్డవా అన్న విషయంలో మా గ్రంథాలయంలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. కానీ ముందు ఆరు నెలలు ఊరూరా మాట్లాడి ఉంటే ఆ ఏడాది అంత కష్టం ఉండేది కాదన్న విషయంలో మా అందరిదీ ఒకే మాట.

మన దగ్గర శ్రీకాకుళం జిల్లా సోంపేట సంగతి ఎవరూ మరిచిపోలేదు. అక్కడి బీల భూముల్లో, అంటే చిత్తడి నేలల్లో, థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు ముందునుంచీ చెబుతూనే ఉన్నారు. ఆ నీళ్ల మీదే తమ వ్యవసాయం, చేపలవేట ఆధారపడి ఉన్నాయని మొత్తుకున్నారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ రోజుల్లోనే కొట్టివేసింది. జనం చెప్పినదాన్ని మొదట్లోనే చెవిని పెట్టి ఉంటే ఆ ఇళ్లలో మనుషులు ఈరోజు ఉండేవారు.

4. చెప్పినదానికి జవాబు రాకపోతే, తర్వాతిసారి చెప్పేవాళ్లు ఉండరు. మా ఊళ్లో ఇది జరిగిపోయింది. ఆ తర్వాత వచ్చిన మరో ముసాయిదాను చదువుదామంటే నలుగురే వచ్చారు. "చెప్పి ఏం లాభం మాస్టారూ" అన్న మాట విన్నప్పుడు నాకు కలిగిన బాధ ఇంతా అంతా కాదు.

పెద్ద విషయాల్లోనూ ఇదే కథ. జాతీయ విద్యావిధానానికి రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలు, 676 జిల్లాల నుంచి రెండు లక్షలకు పైగా సూచనలు వచ్చాయని ప్రభుత్వమే ప్రకటించింది. సంతోషం. అందులో మా పంచాయతీ సూచన ఏది, దాన్ని తీసుకున్నారా లేదా అన్నది తెలుసుకునే దారి మాకు కనబడలేదు. 2022 నవంబరులో వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు ముసాయిదా పెట్టినప్పుడైతే, వచ్చిన అభిప్రాయాలను బహిరంగపరచబోమని నోటీసులోనే రాశారు. మన ఫోను నంబరు, ఆధార్, ఆరోగ్య వివరాలు ఎవరి చేతుల్లో ఎలా ఉండాలో తేల్చే చట్టంపై పెద్ద కంపెనీలు ఏం కోరాయో, పౌరులు ఏం కోరారో పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు లేకుండా పోయింది.

జవాబు ఇవ్వడం సాధ్యం కాదన్న మాటను మేము ఒప్పుకోలేము. విద్యుత్ నియంత్రణ మండళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఏటా ఆ పని చేస్తున్నాయి. ఛార్జీల ప్రతిపాదన మీద బహిరంగ విచారణ పెడతారు. రైతు తెలుగులో లేచి మాట్లాడతాడు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే ఎన్ని రోజులకు మార్చారో చెబుతాడు. తర్వాత వచ్చే ఛార్జీల ఉత్తర్వులో అభ్యంతరం ఏమిటి, దానికి పంపిణీ సంస్థ ఇచ్చిన సమాధానం ఏమిటి, మండలి అభిప్రాయం ఏమిటి అని వరుసగా అచ్చవుతుంది. కోరినది ప్రతిసారీ దక్కదు. అయినా తన మాట ఎక్కడికి వెళ్లిందో ఆ రైతుకు తెలుస్తుంది. ఇంతే మేము అడుగుతున్నది. టెలికాం రంగాన్ని నియంత్రించే ట్రాయ్ కూడా తనకు వచ్చిన అభిప్రాయాలను, వాటిపై వచ్చిన ప్రత్యభిప్రాయాలను బయటపెడుతుంది. 2015లో ఇంటర్నెట్ సమానత్వం మీద పది లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. 2016 ఫిబ్రవరిలో, ఒక్కో రకం సమాచారానికి ఒక్కో ధర పెట్టకూడదన్న నిబంధన వెలువడింది. ఈ రోజు మా ఊరి కుర్రవాళ్లు ఏ వెబ్‌సైటు చూసినా ఒకే ధర పడుతోందంటే అందులో ఆ ఉత్తరాల పాత్ర ఉంది.

5. "ఇవి సాంకేతిక విషయాలు, ప్రజలకు అర్థం కావు" అన్న మాట చాలా కార్యాలయాల్లో విన్నాం. ఈ ఒక్క మాట మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా నొప్పించింది, అందుకే దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

2001 జూన్ చివరి వారంలో, అప్పటి మెదక్ జిల్లా అల్గోల్ గ్రామంలో ప్రజాతీర్పు అనే కార్యక్రమం జరిగింది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వ విజన్ 2020 ప్రణాళిక మీద తీర్పు చెప్పడానికి 19 మంది జ్యూరీగా కూర్చున్నారు. ఎక్కువమంది మహిళలు. చిన్న రైతులు, కూలీలు. వ్యవసాయం రాబోయే 20 ఏళ్లలో ఎలా ఉండవచ్చో మూడు దారులను వీడియోల్లో చూపించారు. ఆ దారులను సమర్థించేవాళ్లనూ, నిపుణులనూ సాక్షులుగా పిలిస్తే, జ్యూరీ వాళ్లను రోజుల తరబడి ప్రశ్నించింది. భూమి మీద బతికేవారి సంఖ్యను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్న ఆలోచన వినగానే వాళ్లు వేసిన ప్రశ్న, ఆ మిగిలినవాళ్లు ఎక్కడికి పోవాలి అన్నదే. జన్యుమార్పిడి పంటలు, కూలీల పని తీసేసే యంత్రాలు, కాంట్రాక్టు సేద్యం వద్దన్నారు. సొంత విత్తనం, ఊరి వనరుల మీద ఊరి అధికారం కావాలన్నారు. ఆ తీర్పుతో ఏకీభవించనివాళ్లు ఉండవచ్చు. అర్థం కాక చెప్పిన తీర్పని మాత్రం ఎవరూ అనలేరు. ఐర్లాండ్ 2016లో 99 మంది మామూలు పౌరులను లాటరీలో ఎంచి సభ పెడితే ప్రపంచమంతా మెచ్చుకుంది. అంతకు పదిహేనేళ్ల ముందే మన జొన్నచేల మధ్య ఇటువంటి పని జరిగింది.

ఇంకా ఉన్నాయి. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీకి దేశానికి దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. కూలీల హాజరు పట్టీ (మస్టర్ రోల్) చదివి వినిపిస్తుంటే, "ఆ వారం నేను పనికే రాలేదు, నా పేరున డబ్బు ఎవరు తీశారు?" అని నిలబెట్టి అడిగింది అక్షరం రాని కూలీలే. 2010లో జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయ మీద అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో బహిరంగ సభలు పెట్టి, శాస్త్రవేత్తలనూ రైతులనూ ఒకే చోట కూర్చోబెట్టారు. ఫిబ్రవరి 9న దాన్ని నిలిపివేస్తూ కారణాలన్నీ రాతపూర్వకంగా బయటపెట్టారు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశం మీద ఒడిశా నియంగిరి కొండల్లో 12 గ్రామసభలు జరిగితే, పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దని తీర్మానించాయి. కొండ దేవుడి గురించి, ఊటల గురించి అక్కడి గిరిజనులైన డోంగ్రియా కోందులు చెప్పినది ప్రభుత్వానికి అర్థమైంది, తవ్వకం ఆగింది.

6. మేము ఎన్నుకున్న సభ్యులు ఉన్నారు కదా అంటారు. ఉన్నారు, అందుకే ఈ లేఖ వారికి కూడా. 15వ లోక్‌సభలో (2009-14) 71 శాతం బిల్లులు, వాటిని వివరంగా పరిశీలించే సభ్యుల కమిటీలైన స్థాయీ సంఘాలకు వెళ్లాయి. 17వ లోక్‌సభలో (2019-24) అది 16 శాతానికి పడిపోయింది. స్థాయీ సంఘం ముందయినా సామాన్యుడు తన మాట చెప్పుకోగలడనుకుంటే, ఆ తలుపూ ఇలా మూసుకుపోతోంది.

మా డిమాండ్లు ఇవి:

1. 2014 నాటి ముందస్తు సంప్రదింపుల విధానాన్ని చట్టం చేయండి. ఇప్పుడది పాటించకపోయినా అడిగేవాడు లేని సూచనగా మిగిలిపోయింది. రాష్ట్రాల చట్టాలకూ వర్తించేలా రెండు తెలుగు ప్రభుత్వాలూ సొంతంగా ఇటువంటి చట్టం తేవాలి.

2. ప్రతి ముసాయిదా, దాని వివరణ 22 భాషల్లోనూ రావాలి. 30 రోజుల గడువును ఆయా భాషల్లో ప్రచురించిన రోజు నుంచి లెక్కపెట్టాలి. బతుకుతెరువుకు సంబంధించినదైతే 60 రోజులు ఇవ్వాలి.

3. అచ్చు ప్రతులు పంచాయతీ కార్యాలయాలకు, శాఖా గ్రంథాలయాలకు పంపాలి. ఊళ్లో చాటింపు వేయించి గ్రామసభలో చదివి వినిపించాలి. వెబ్‌సైటులో పెట్టాం కదా అంటే మా ఊళ్లో సగం మందికి చేరనట్టే.

4. వచ్చిన అభిప్రాయాలను, పంపినవారి వ్యక్తిగత వివరాలు తీసేసి, పూర్తిగా బయటపెట్టండి. ఏ అంశాన్ని ఒప్పుకున్నారో, దేన్ని ఎందుకు కాదన్నారో విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వుల్లో లాగా వరుసగా రాయండి. ఆ జవాబు రాకుండా బిల్లు మంత్రివర్గం ముందుకు వెళ్లకూడదు.

5. సంప్రదించడం వీలు కాదనుకుంటే కారణాలను మంత్రివర్గ నోటులో రాయవచ్చని విధానంలోనే ఉంది. దేశ భద్రత వంటి విషయాల్లో ఆ వెసులుబాటు అవసరమేనని ఒప్పుకుంటాం. కానీ ఆ కారణాలను బిల్లుతో పాటు సభ ముందు ఉంచాలి. అత్యవసరం అన్న ఒక్క మాటతో సరిపెట్టకూడదు.

6. భూమి, విత్తనం, నీరు, అడవి, కూలి వేతనం మీద వచ్చే ప్రతి పెద్ద విధానానికీ ముందు, అల్గోల్‌లో జరిగినట్టుగా పౌరుల జ్యూరీలు పెట్టండి. లాటరీ తీసి ఎంచండి. కూలిపని మానుకుని వచ్చేవారికి ఆ రోజుల కూలి ఇవ్వండి. లేకపోతే కూలీలు రాలేరు, తీరిక ఉన్నవాళ్లే మళ్లీ అందరి తరఫునా మాట్లాడతారు.

7. పార్లమెంటు సభ్యులకు: మీ ముందుకు వచ్చే ప్రతి బిల్లు విషయంలో "దీన్ని 30 రోజులు ప్రజల ముందు పెట్టారా? తెలుగులో పెట్టారా?" అని సభలో అడగండి. లేదంటే స్థాయీ సంఘానికి పంపమని పట్టుబట్టండి. పార్టీలు వేరైనా ఈ ఒక్క ప్రశ్న దగ్గర 60 మందీ కలవగలరని మా నమ్మకం.

ఈ లేఖ ప్రతిని పోస్టులో కూడా పంపుతున్నాం. ఈసారి 118 సంతకాలు ఉన్నాయి. ముందుసారి "ఏం లాభం" అన్నవాళ్లలో కొందరు కూడా సంతకం చేశారు. తెలుగులో రాశాం గనుక తెలుగులోనే జవాబు ఇవ్వండి. వచ్చిన రోజు సాయంత్రమే గ్రంథాలయం అరుగు మీద నిలబడి, ఒక్క అక్షరం విడవకుండా చదివి వినిపిస్తాను. ఆ కౌలురైతు ఇప్పటికీ వారానికి రెండుసార్లు వచ్చి, "ఏమైనా వచ్చిందా మాస్టారూ?" అని అడిగి వెళుతున్నాడు.

ఇట్లు,
మా ఊరి గ్రంథాలయ పాఠకుల తరఫున
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు